జ్ఞానమణి అడిగే తీరు

జ్ఞానమణి ఎవరినైనా ఏదైనా అడగడానికి వెళ్తే తన కష్టం చెప్పుకోదు. కొంగుతో కళ్లు ఒత్తుకోదు. మీరే దిక్కు అనదు. కుర్చీ చూపిస్తే కూర్చుంటుంది, లేకపోతే నిలబడే ఉంటుంది. కావలసింది ఒక్క మాటలో చెప్పి ఊరుకుంటుంది. ఆ తర్వాత గదిలో పరుచుకునే మౌనాన్ని ఆమె ఎంతసేపైనా భరిస్తుంది. ఎదుటివాళ్లు భరించలేరు.

లాలాగూడలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. మిషన్ బడిలో ఆయాగా చేరి, ఆయాగానే రిటైరైన మనిషి ఆమె. ఒకసారి ఫీజు కట్టలేదని ఒక పిల్లను పరీక్ష గది బయట నిలబెట్టారు. జ్ఞానమణి హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్లి ఫీజు మాటే ఎత్తలేదు. "అమ్మగారూ, బయట ఎండ కొడ్తున్నది. పిల్లను లోపల కూసోనియ్యండి" అంది. అంతే. లోపల కూర్చున్న పిల్లకు ప్రశ్నపత్రం ఇవ్వకుండా ఎంతసేపని ఉంటారు? ఇచ్చారు. రాసిన పరీక్షను దిద్దకుండా ఎలా ఉంటారు? దిద్దారు. ఇంకో ఏడు, పక్క క్వార్టర్స్‌లో పెళ్లికి బ్యాండు పెట్టుకునే స్తోమతు లేకపోతే, బ్యాండు మాస్టరును గేటు నుంచి చర్చి మెట్ల దాకా ఒక్క పాట వాయించమని అడిగింది. ఒక్క పాటకు వచ్చినవాళ్లు భోజనాల దాకా వాయించి, పెళ్లికొడుకు మేనమామతో కలిసి చిందులేసి వెళ్లారు.

అవతలి మనిషి దగ్గర ఏముందో, అందులో ఏది అతనికి బరువు కాదో ఆమెకు ఎలా తెలుస్తుందో ఎవరికీ అంతుపట్టదు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు.

చూసి చూసి విసిగిపోయినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆమె మేనల్లుడు కాలేబు.

చిన్నప్పుడే తల్లి పోతే, అతన్ని ఈ మేనత్తే పెంచింది. ఎక్కడికెళ్లినా వెంట తీసుకుపోయేది. ఆమె అడుగుతున్నంతసేపూ వాడు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ, ఆ గోడ తనను లోపలికి లాక్కుంటే బాగుండునని అనుకునేవాడు. ఇప్పుడు అతనికి ఇరవై నాలుగేళ్లు. దూరవిద్యలో డిగ్రీ అయింది. ఆన్‌లైన్ సామాన్ల గోదాములో పొట్లాల మీద గీతల్ని మిషనుకు చూపించే పని. మిగిలిన టైమంతా చదువుడే. పాత పేపర్ల కొట్లో కిలోల లెక్కన పుస్తకాలు కొంటాడు. అట్టలేనివి, మధ్యలో మొదలయ్యేవి, ఎవరో పెన్సిలుతో గీతలు గీసి చదవడం మానేసినవి. వాటిని చదివే కొద్దీ లోకం మీద అతని కోపం పెరిగిందే కానీ తగ్గలేదు.

లా చదవాలన్న పట్టు సుతం అలాంటి పుస్తకం నుంచే వచ్చింది. అతని తండ్రి లూకా ఒక ప్రైవేటు షెడ్డులో కాంట్రాక్టు పని చేస్తూ నడుం మీద ఇనుప దూలం పడి మంచమెక్కాడు. కాంట్రాక్టరును పరిహారం అడిగితే, "ఈ మనిషి నా మనిషే కాడు" అన్నాడు. కాలేబుకు పాత పేపర్ల కొట్లో కార్మిక చట్టాల పుస్తకం సగం దొరికింది. కూర్చుని చదివాడు. ఎవరు ఎవరి మనిషో తేల్చే చోటికి వచ్చేసరికి పుస్తకం చినిగిపోయి ఉంది. ఆ మిగతా సగం కోసమే తాను లా ఎంట్రన్సు రాశానని అతను ఎవరికీ చెప్పలేదు. రాశాడు, మంచి ర్యాంకు వచ్చింది, నగరంలోనే ఒక ప్రైవేటు కాలేజీలో మూడేళ్ల కోర్సులో సీటు వచ్చింది.

సీటొచ్చిన సాయంత్రం ఇంట్లో ముగ్గురూ కూర్చున్నారు. లూకా మంచం మీద, గోడకు దిండు ఆనించుకుని. కాలేబు ఫోనులో లెక్కలు వేస్తున్నాడు. జ్ఞానమణి చిక్కుడుకాయలు వలుస్తోంది.

"సర్కారు ఇచ్చేది ఫీజుల సగానికి వస్తది," అన్నాడు కాలేబు. "అది సుత చదువు షురూ అయినంక. కాలేజోళ్లేమో ముందుగాల మొత్తం కట్టు, సర్కారు పైసలొస్తే నీకు వాపస్ ఇస్తం అంటున్నరు."

"మన చర్చి డయాసిస్ స్కాలర్‌షిప్పో?" అంది జ్ఞానమణి.

"క్రిస్మస్ అయినంకనే."

"బ్యాంకు లోను?"

కాలేబు ముఖం తిప్పుకున్నాడు. మంచం మీద నుంచి లూకా సన్నగా నవ్వాడు. "చెప్పు రా, బ్యాంకుల ఏం జేసినవో."

"ఏం జెయ్యలే. లా చదివితే మొదటి నెల జీతం ఎంతొస్తదని అడిగిండు మేనేజరు. మీకు ఉద్యోగమొచ్చిన మొదటి నెల ఎవరు హామీ ఉన్నరు సార్ అన్న."

"శెభాష్," అన్నాడు లూకా. "వకీలు సాబ్ ఫీజు కట్టకముందే కేసు ఓడిండు."

జ్ఞానమణి నవ్వలేదు. మర్నాడు తానే బ్యాంకుకు వెళ్లింది. లోను ఇవ్వమని అడగలేదు, ఏ ఏ కాగితాలు కావాలో అడిగి వచ్చింది. మొదటి ఏడు పాసై ఆ మార్కులు తీసుకొస్తే రెండో ఏటికి చూద్దామని మేనేజరు అన్నాడట. ఆదాయం సర్టిఫికెట్ కోసం మీసేవకు, సంతకం కోసం డయాసిస్ ఆఫీసుకు ఆమే తిరిగింది. కాలేబు అంకెలు కూడితే, ఆమె మనుషుల్ని కూడేది. ఎవరు ఏ నెలలో ఏది ఇవ్వగలరో ఆమె మనసులోనే పరచుకుంది. వారం తిరిగేసరికి మూడేళ్ల చదువుకూ దారి కనబడింది. ఒక్క చోట తప్ప. ఇప్పుడు, సీటు నిలబెట్టుకోవడానికి కట్టాల్సిన డబ్బులో సగం ఎక్కడి నుంచీ రావడం లేదు. గడువు ఆ నెల ఆఖరు. ఆ లోపు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

"కోత పండుగ ఉంది గదా," అంది జ్ఞానమణి.

వాళ్ల చర్చిలో ఏటా కోత పండుగ రోజు ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. ఎవరి ఇంట్లో పండింది, వండింది వాళ్లు తెస్తారు: అరటి గెల, కోడి, కేకు, పచ్చడి జాడీ. అన్నీ అయ్యాక చివరన అన్నిటికంటే పెద్ద కాయ ఒకటి బల్ల మీదికి వస్తుంది. ఆ కాయకు ఒక పద్ధతి ఉంది. పాట గెలిచినవాళ్లు డబ్బు కట్టి, "దేవునికే" అని కాయను మళ్లీ బల్ల మీదే పెడతారు. మళ్లీ వేలం. మళ్లీ ఎవరో గెలుస్తారు, మళ్లీ బల్ల మీదికే. అలా ఒకే కాయ మధ్యాహ్నం దాకా అమ్ముడుపోతూనే ఉంటుంది. ఆ డబ్బు ఆ ఏడు ఏదో ఒక అవసరానికి పోతుంది. ఆ ఏటి కాయ జ్ఞానమణిదే. రేకుల కప్పు మీదికి పాకించిన తీగకు కాసిన బూడిద గుమ్మడి, పసిపిల్లంత ఉంది.

చర్చి సెక్రటరీ ఉదయ్‌కిరణ్ ఇంటికొచ్చి కాలేబుతో మాట్లాడాడు. "ఈసారి కాయ పైసలు నీ ఫీజుకే ఇద్దామని కమిటీ అనుకుంటున్నది. నువ్వు జెర ముందుకొచ్చి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పు. నాయిన పరిస్థితి, మీ తక్లీఫులు... నాయినను సుత కుర్చీల తీసుకొస్తే ఇంకా మంచిగుంటది."

"కోడి కాళ్లు గట్టి పైకెత్తి చూపిస్తరు గదా అన్నా," అన్నాడు కాలేబు. "నన్ను సుత గట్లనే చూపిస్తరా?"

ఉదయ్‌కిరణ్ మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఆ పూట ఇంట్లో పెద్ద గొడవైంది. గొడవంటే కాలేబు ఒక్కడే అరిచాడు. అడుక్కుని చదివే చదువు తనకు అక్కర్లేదన్నాడు. సీటు పోతే పోనీ, గోదాములోనే చస్తానన్నాడు. చిన్నప్పటి నుంచి గుమ్మం గుమ్మం తిప్పి తను తల దించుకునేలా చేసిందామేనన్నాడు. లూకా కళ్లు మూసుకున్నాడు. జ్ఞానమణి అంతా విన్నాక, "నిలవడకు. నిన్నెవరు నిలవడమన్నరు?" అని మాత్రం అంది.

ఆమె పాస్టరు జకర్యా అయ్యగారి దగ్గరికి వెళ్లి ఒక్కటే అడిగింది, పేరు చెప్పకుండా వేలం వేయమని. ఆయన సరేనన్నాడు. పేరు లేకపోతే పాట ఎవరు పాడతారని ఉదయ్‌కిరణ్ సణిగాడు. పాట మొదలుపెట్టే మనిషిని తాను తెస్తానని జ్ఞానమణి మాటిచ్చింది.

ఆ మనిషి కామరాజు. మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్ల కొట్టు అతనిది. తాతల నాడు భీమవరం నుంచి వచ్చిన కుటుంబం, మల్కాజ్‌గిరిలో ఇల్లు. చర్చి ప్రేమవిందు భోజనాలకు కావలసిన గంగాళాలు, గరిటెలు ఇరవై ఏళ్లుగా జ్ఞానమణి అతని దగ్గరే తీసుకుంటోంది. మాట కలిపే మనిషి, గొంతు పెద్దది. "కామరాజన్నా, ఆదివారం వచ్చి ఒక్క పాట షురూ జేసి పో" అంటే, "దాందేముందమ్మా, తప్పకుండా వస్తాను" అన్నాడు.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు గేటు దగ్గరే విడిచి వచ్చాడు. అతిథి కదా, ముందు వరసలో కుర్చీ వేశారు. గుమ్మడికాయ బల్ల మీదికి రాగానే అతను కళ్లింత చేసి చూశాడు. "అయిదొందలు!" అని కేక వేశాడు. మొదటి పాట అతిథికి వదిలెయ్యడం మర్యాద. ఎవరూ పోటీకి రాలేదు. ఉదయ్‌కిరణ్ మూడుసార్లు లెక్కపెట్టి బల్ల మీద చరిచాడు. చప్పట్లు మోగాయి. కామరాజు డబ్బు కట్టాడు.

ఇప్పుడు అతను "దేవునికే" అనాలి. అందరూ అతని నోటి వంక చూస్తున్నారు.

కామరాజు కాయను రెండు చేతులా ఎత్తి భుజం మీద పెట్టుకున్నాడు. "చాలా సంతోషమండీ అందరికీ. వస్తానండీ జ్ఞానమణమ్మా" అని నవ్వుతూ, భుజం మీది బరువుకు ఒక పక్కకు ఒరిగి, గేటు దాకా నడిచి, చెప్పులు తొడుక్కుని, ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

ఉదయ్‌కిరణ్ చెయ్యి గాల్లోనే ఉంది. పుట్టినప్పటి నుంచి ఆ పద్ధతిలో పెరిగిన మనుషులు. దాన్ని ఒకరికి విడమర్చి చెప్పాలని వాళ్లలో ఏ ఒక్కరికీ తట్టలేదు. కొన్న కాయను ఇంటికి తీసుకుపోవద్దని ఎవరైనా ఎవరికైనా ఎలా చెప్తారు? అయ్యగారు ముందుగా నవ్వారు. తర్వాత అందరూ. కాయ లేని వేలం లేదు. ఆ ఏటి పాట అయిదొందలతోనే ముగిసిపోయింది.

కాలేబు మూలన నిలబడి అంతా చూశాడు. అతనికి నవ్వు రాలేదు. కాయ పోయిందని కాదు. పోయినందుకు లోపల ఎక్కడో తెరిపిగా ఉన్నట్టు అనిపించి, ఆ తెరిపి మీదే అతనికి అసహ్యం వేసింది.

మంగళవారం ఉదయ్‌కిరణ్ పరుగున వచ్చాడు. "అక్కా, మోండా మార్కెట్ కెల్లి వస్తున్న. మన కాయను ఆ సేటు ఏం జేసిండో తెల్సా? పసుపు రాసి, కుంకుమ పెట్టి, నల్ల తాడుతోని కొట్టు ముందర దిష్టికి కట్టిండు! దేవుని కానుక! పోయి తెంపుకొస్త నేను."

"నువ్వు పోకు," అంది జ్ఞానమణి. కాలేబు వైపు తిరిగింది. "చెప్పులేసుకో."

కాలేబు వెళ్లడానికి ఒక్కటే కారణం: ఈసారైనా ఆమె ఓడిపోతుంది. ఆ ఓటమిని దగ్గరుండి చూడాలనుకున్నాడు.

మోండా మార్కెట్ మంచి రద్దీలో ఉంది. కాయ నిజంగానే కొట్టు గుమ్మానికి ఉట్టిలో వేలాడుతోంది, పసుపుతో మెరిసిపోతూ, మూడు పెద్ద బొట్లతో. కామరాజు వాళ్లను చూసి ఎదురొచ్చాడు.

"రండి రండి! చూశారా మీ కాయ? ముందు కట్టింది కుళ్లిపోయింది, అమావాస్యేమో దగ్గర పడింది. ఇంతలో మీరు పిలిచారు. ప్రార్థన చేసిన కాయ కదండీ, ఇంతకంటే బలమైంది ఎక్కడ దొరుకుతుంది? తెల్లారగానే తలస్నానం చేసి నా చేత్తో కట్టాను. మా ఆవిడ కామాక్షి అయితే దండం కూడా పెట్టుకుంది."

అతని ముఖంలో రవ్వంత కల్మషం లేదు. జ్ఞానమణి తలెత్తి కాయను చూసింది.

"మంచిగ గట్టినవ్ అన్నా. గనీ దాని వేలం ఇంకా అయిపోలే," అంది.

ఆ పద్ధతి చెప్పింది. చెప్తుంటే కామరాజు ముఖం ముందు వెలవెలబోయింది, తర్వాత చెవుల దాకా ఎర్రబడింది. "అయ్యయ్యో! అయితే నేను భుజాన వేసుకుని వచ్చేస్తుంటే అందరూ... రామ రామ! ఒక్కరైనా ఆపరేంటండీ?" అని తల బాదుకున్నాడు. మరుక్షణం ఇంకో దిగులు పట్టుకుంది. "కానీ అమ్మా, దిష్టికి కట్టిన కాయను దింపకూడదు కదా. దింపితే కొట్టుకు అరిష్టం అంటారు. ఎలాగిప్పుడు?"

ఇక అయిపోయిందనుకున్నాడు కాలేబు. వాళ్ల దేవుడి పద్ధతి ఒకటి, వీళ్ల దేవుడి పద్ధతి ఒకటి, మధ్యలో తన సీటు.

"దింపుడెందుకన్నా?" అంది జ్ఞానమణి. "మా కాడ సుత కాయ ఎటూ పోదు. ఎవరు గెలిచినా ఆడనే ఉంటది. ఇప్పుడు నీ కొట్టుకాడనే ఉంటది. వేలం ఈడనే వేద్దం."

కాలేబు ఆమె వంక చూశాడు. పుస్తకాల్లో అతను గొప్ప వాదనలు చాలా చదివాడు. ఇద్దరు మనుషుల నమ్మకాల్లో ఒక్క దాన్నీ గీకకుండా, రెంటినీ ఒకే తాడుకు వేలాడదీసిన వాదన ఎక్కడా చదవలేదు.

కామరాజుకు ప్రాణం లేచొచ్చింది. స్టీలు పళ్లెం మీద గరిటెతో టంగ్ టంగ్ మని వాయించాడు. "రండహో! దిష్టి గుమ్మడి వేలం! నేనే మొదలెడుతున్నాను, వెయ్యి!" పక్క కొట్టులో కొబ్బరితాళ్లు, చేంతాళ్లు అమ్మే జంగయ్య బయటికొచ్చాడు. ఎదురుగా నేల మీద ఆకుకూరలు పెట్టుకున్న విమలమ్మ లేచి నిలబడింది. కూరగాయల బేరం మధ్యలో వదిలేసి జనం మూగారు.

"ఏందిది కామరాజు సేటూ," అన్నాడు జంగయ్య. "కాయ నీది, కొట్టు నీది, వేలం ఈ అమ్మది. పైసలెవరికి మరి?"

ఆ ప్రశ్నతో అందరూ జ్ఞానమణి వైపు తిరిగారు.

జ్ఞానమణి మాట్లాడలేదు.

కాలేబుకు తెలిసిన మౌనమే అది. చిన్నప్పటి నుంచి వందసార్లు విన్నాడు. కానీ ఎప్పుడూ ఆమె పక్కన నిలబడి విన్నాడు. ఈసారి అది తన మీదికి వస్తోంది. ఆమె నేల చూస్తోంది. జంగయ్య చూస్తున్నాడు. విమలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని చూస్తోంది. గోడల్లేవు, క్యాలెండర్లు లేవు. ఎటు చూసినా మనుషులే. ఆ మౌనం ఎదుటివాళ్లను ఏం చేస్తుందో అతనికి మొదటిసారి తెలిసింది.

"నాకు," అన్నాడు.

వెనకవాళ్లకు వినబడలేదు. మళ్లీ అన్నాడు. "నాకే. లా కాలేజీల సీటొచ్చింది. ఫీజుకు."

"వకీలువా?" జంగయ్య కళ్లు చిట్లించాడు. "గట్లయితే ఊకెనే ఇయ్యం. వాదించి తీసుకో."

నవ్వులు లేచాయి. కాలేబుకు వెనక్కి తిరిగి పోవాలనిపించింది. కామరాజు స్టీలు బిందె ఒకటి బోర్లించి, "ఎక్కు బాబూ" అన్నాడు. ఎక్కాడు.

అతను తండ్రి నడుం గురించి చెప్పలేదు. తల్లి లేదని చెప్పలేదు. సర్కారు ఎంత ఇస్తుందో, ఎప్పుడిస్తుందో చెప్పాడు. డయాసిస్ వాళ్లది క్రిస్మస్ తర్వాత వస్తుందని, రెండో ఏడు బ్యాంకు చూస్తానందని చెప్పాడు. నడుమ ఒక్క చోట దారి తెగిందని, ఆ కాస్త కోసమే ఈ వేలమని చెప్పాడు. "మూడేండ్ల తర్వాత మీకు కోర్టు పనుంటే రండి. ఊకెనే వాదిస్తనని చెప్పను. గనీ అర్థమయ్యేటట్టు చెప్త. మీ కాగితంల ఏం రాసి ఉందో మీకు చెప్పకుండ సంతకం పెట్టించను."

నవ్వులు ఆగిపోయాయి. ఏ కాగితం మీద సంతకం పెట్టామో తెలియని మనుషులే అక్కడ ఎక్కువ.

"గీ ఒక్క మాటకు నేను రెండు వందలు," అంది విమలమ్మ. "గెలుస్తనో గెల్వనో, రాస్కో."

"ఏయ్, వేలంల గట్ల చెప్పొద్దు, పాట పెంచాలె," అన్నాడు జంగయ్య. "పన్నెండొందలు!"

"పదమూడు!" వెనకాల ఉల్లిగడ్డల కొట్టు నుంచి ఎవరో.

కాలేబు గొంతు విప్పాడు. ఒకటోసారి, రెండోసారి. జంగయ్య గెలిచాడు. డబ్బు తీసి, ఇప్పుడేం చెయ్యాలన్నట్టు చూశాడు. కామరాజు అతని చెవిలో ఏదో చెప్పాడు. జంగయ్య తలెత్తి ఉట్టి వైపు చెయ్యెత్తి, "నీకే పో!" అని అరిచాడు. దేవుడితో అన్నాడో, కాయతో అన్నాడో తెలియదు. మళ్లీ వేలం. ఉల్లిగడ్డల కొట్టు గెలిచింది. మళ్లీ. మిర్చి సేటు బాకీ ఉంచుతానంటే కుదరదని జనమే గోల చేశారు. బస్సు దిగి పోతున్న ఒక ముసలాయన ఇదేమిటో తెలియకుండానే పాడి గెలిచి, డబ్బు కట్టి, నవ్వుకుంటూ పోయాడు. పసుపు పూసిన ఆ కాయ ఎండలో కదలకుండా వేలాడుతోంది. దాని కింద మనుషులు ఒకరి మీద ఒకరు పోటీ పడి పోగొట్టుకుంటున్నారు, ఏదో గెలుచుకుంటున్నట్టు. లోకమంతా లాక్కునేవాళ్లే అని అతను నమ్మాడు. ఆ నమ్మకానికి ఆధారాలు సుతం ఎన్నో పోగేశాడు. బిందె మీద నిలబడి ఇప్పుడు చూస్తున్నదాన్ని ఎక్కడ సర్దుకోవాలో అతనికి తెలియలేదు.

మధ్యాహ్నానికి జనం పలచబడ్డారు. కావలసినంత దాదాపుగా వచ్చింది, ఇంకా కొంచెం తక్కువ. కామరాజు డబ్బంతా స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించి ఇచ్చాడు. డబ్బా ఉంచుకోమన్నాడు. "నన్ను క్షమించాలమ్మా, ఆ రోజు కాయ ఎత్తుకుపోయినందుకు" అన్నాడు ఇంకోసారి.

"మంచిగనే అయింది అన్నా," అంది జ్ఞానమణి. "మావోళ్లు నాలుగు పాటలకే అలసిపోతరు."

బస్టాపు దగ్గర టీ బండి ముందు కూర్చున్నారు ఇద్దరూ. కాలేబుకు లోపల ఇంకా కేకలు మోగుతున్నాయి. "ఎట్ల తెల్సు అత్తమ్మా నీకు?" అన్నాడు. "ఆ టైముకు నువ్వు ఊకుంటే నేనే మాట్లాడతనని?"

జ్ఞానమణి టీ గ్లాసు పట్టుకుంది. తాగలేదు.

"నాకేం తెల్వదు రా," అంది. "నోరు రాలే."

"ఏందీ?"

"జంగయ్య గట్ల అడగంగనే గొంతు పట్టేసింది. మావోడికి అని చెప్పాలె. చెప్పరాలే." గ్లాసు కింద పెట్టింది. "ఊరోళ్ల పిల్లలకైతే మాట దానంతటదే వస్తది. ఎవరన్న లేదంటే వాళ్లకు లేదన్నట్టు. మనింట్ల పిల్లగానికి అడిగితే, లేదంటే నాకే లేదన్నట్టు. బ్యాంకుల సుత ఏం కాగితాలు గావాలనే అడిగిన, లోను ఇయ్యమని అడగలే. చూడలేదా నువ్వు?"

"మరి అయ్యగారి కాడ? పేరు చెప్పొద్దని..."

"అది నీ కోసమే అనుకున్నవా?"

ముప్పై ఏళ్లు గుమ్మం గుమ్మం తిరిగిన మనిషికి సిగ్గు లేదని అతను అనుకున్నాడు. అదొక బలమని ఊళ్లో వాళ్లు అనుకున్నారు. ఆమె దగ్గర ఉన్న సిగ్గంతా ఇంట్లోనే, అతని విషయంలోనే దాచుకుందని, బయటి వాళ్ల కోసం దాన్ని గుమ్మం దగ్గర విడిచి వెళ్లేదని ఎవరికి తెలుసు? ఇంత దగ్గరగా పెరిగి, పుస్తకాలు కిలోల లెక్కన చదివి, పక్కనున్న మనిషిలో ఒక్క పేజీ చదవలేకపోయాడు. పక్కకు తిరిగి ఆమెను చూడటానికి సుతం అతనికి భయమేసింది, చాలా పెద్దదాన్నేదో చూస్తున్నట్టు.

"టీ చల్లారుతది, తాగు," అంది ఆమె.

మర్నాడు కాలేజీకి ఒక్కడే వెళ్లాడు. కౌంటరులో ఉన్నావిడ డబ్బు లెక్కపెట్టి, తక్కువుందని పక్కకు జరిపింది. కాలేబు అడిగాడు. సరిగా అడగడం అతనికి ఇంకా రాలేదు. ముందు గడువు గురించి అడిగాడు, తర్వాత స్కాలర్‌షిప్ సంగతి చెప్పాడు, మధ్యలో రూల్ ఎక్కడుందో చూపించమన్నాడు, అలా అన్నందుకు మళ్లీ సారీ చెప్పాడు. వెనక లైను పెరుగుతోంది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"మొదటే అడగొచ్చు కదా బాబూ, ఇంత తిప్పుతావేం?" అంది. "మిగతాది జనవరిలో కట్టు. అండర్‌టేకింగ్ రాసివ్వు. సీటు నీదే."

బయటికొచ్చి చెట్టు కింద నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. "అయింది అత్తమ్మా. సీటు ఉంది," అన్నాడు.

అవతల నుంచి ఆమె మాట వినబడలేదు. కుక్కరు కూత, లూకా ఏమైందని అడగడం, ఆమె ముక్కు చీదుకోవడం వినిపించాయి. కాలేబు ఫోను పెట్టెయ్యలేదు. ఆమె మాట్లాడే దాకా ఆగాడు.